ఎత్తు పెంచిన బండికి మొదటి ఖర్చు స్టీరింగే



పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి వెళ్లే రోడ్డు మీద, భానూర్ దగ్గర ఆదివారం పొద్దున కాసేపు నిలబడితే చాలు, ఎత్తు పెంచిన పికప్ బండ్లు కనిపిస్తాయి. పెద్ద పెద్ద గళ్ల టైర్లు, బంపర్‌కు వించి, పైన లైట్లు. వికారాబాద్ గుట్టల వైపు పోయేవి కొన్ని, పొలాల్లోకి, కంకర క్వారీల్లోకి పని మీద పోయేవి కొన్ని. బండి ఎత్తుకు ఒక ఖర్చు, టైర్లకు ఇంకో ఖర్చు, లైట్లకు మరో ఖర్చు పెట్టిన యజమానిని "స్టీరింగ్ ఎండ్లు ఎప్పుడు మార్చావు?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. ఈ రోజు నేను మాట్లాడేది దాని గురించే. బండిని రెండంగుళాలు లేపినా సరే, డబ్బు ముందు పోవాల్సింది స్టీరింగ్ మీదికి. అందులోనూ మందపాటి రాడ్డు కొనడం తర్వాతి మాట. ముందు కోణాలు సరిచేయాలి.

బండ్ల తయారీ మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. పటాన్‌చెరు మీదుగా పోయే జాతీయ రహదారి మీద, జహీరాబాద్‌లో, 1980లలో హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జపాన్ నిస్సాన్‌తో కలిసి క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీ తయారు చేశారు. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వచ్చింది. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ టైర్లు తయారవుతాయి. ఇక గుట్టలెక్కే కుర్రాళ్లు ఇష్టపడే ఇసుజు వీ-క్రాస్ కూడా తెలుగు నేల మీద పుట్టిందే. 2016లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం మొదలైంది, ఆ ఏడే వీ-క్రాస్ మన మార్కెట్‌లోకి వచ్చింది. ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్, కాయిల్ స్ప్రింగులు. వెనక కమాన్ పట్టీలు. స్టీరింగు ర్యాక్ అండ్ పినియన్, దానికి హైడ్రాలిక్ పవర్. తర్వాత 2022లో వచ్చిన టొయోటా హైలక్స్ ముందు భాగం కూడా ఈ పద్ధతిదే. కాబట్టి ముందుగా ఇలాంటి బండి సంగతి చూద్దాం.

బండి ముక్కు కింద, ఇంజనుకు అడ్డంగా, స్టీరింగ్ ర్యాక్ ఉంటుంది. దాని రెండు చివర్ల నుంచి రెండు టై రాడ్లు చక్రాల దగ్గరికి పోతాయి. రాడ్డుకు లోపలి కొసన ఒక బాల్ జాయింటు, బయటి కొసన ఇంకొకటి. ఈ బయటిదాన్నే షెడ్డుల్లో "ఎండు" అంటారు. కంపెనీ బండిలో ఈ రాడ్డు దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది. చక్రం గుంతలో దిగినా, రాయెక్కినా, రాడ్డు బయటి కొస ఒక వంపులో పైకీ కిందికీ కదులుతుంది. చక్రాన్ని పట్టుకున్న పై, కింది ఆర్మ్‌లు కూడా అలాంటి వంపులోనే కదులుతాయి. ఈ రెండు వంపులూ ఒకదానికొకటి సరిపోయేలా తయారీదారు లెక్క కట్టి పెడతాడు. అందుకే కంపెనీ బండి గుంతల్లో పోయినా హ్యాండిల్ మీద చెయ్యి వదులుగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు స్ట్రట్ మీద స్పేసర్ పెట్టి, లేదా పొడవాటి స్ప్రింగు వేసి, బండిని లేపారనుకోండి. బాడీ, ర్యాక్ పైకి పోయాయి. చక్రం నేల మీదే ఉంది. టై రాడ్డు ఇంటి చూరులా కిందికి వాలిపోతుంది. సమాంతరంగా ఉన్న రాడ్డు కొస ఒక అంగుళం పైకి కదిలితే అడ్డంగా జరిగే దూరం చాలా స్వల్పం. వాలి ఉన్న రాడ్డు కొస అదే అంగుళం కదిలితే అడ్డంగా జరిగే దూరం చాలా ఎక్కువ. ఆ జరుగుడు చక్రాన్ని నెట్టడమో లాగడమో చేస్తుంది. మీరు హ్యాండిల్ తిప్పలేదు, అయినా చక్రం తిరిగింది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. స్పీడ్ బ్రేకర్ దాటగానే బండి దానంతటదే పక్కకు వెళ్లడం, బ్రేకు వేస్తే ముక్కు కుంగి దారి మారడం, ఇవన్నీ ఆ లెక్కలోవే. రాడ్డు ఎంత మందం వేసినా ఈ జబ్బు పోదు, ఎందుకంటే అది బలం లేకపోవడం వల్ల వచ్చింది కాదు.

ఇంకో ప్రమాదం కంటికి కనపడనిది. బాల్ జాయింటులో బంతి గిన్నెలో అటూ ఇటూ ఊగడానికి ఒక హద్దుంటుంది. ఎత్తు పెంచినప్పుడు అది మామూలుగా నిలబడ్డ చోటనే హద్దు దగ్గరికి చేరుకుంటుంది. ఒక చక్రం గాలిలో వేలాడిందంటే బంతి మెడ వెళ్లి గిన్నె అంచును నొక్కుతుంది. ప్రతి గుంతకూ అలా నొక్కుతూ పోతే మెడ దగ్గర పగులు పుడుతుంది. ఎండు తెగితే ఆ చక్రం హ్యాండిల్ తిప్పినా తిరగదు. రెండంగుళాలకు మించి వట్టి స్పేసర్లతో లేపవద్దని అందుకే చెప్తాను. అంతకంటే ఎత్తు నిజంగా కావాలంటే, కింది ఆర్మ్‌లు బిగించే ఫ్రేమునే దించి, వాటితోపాటు స్టీరింగ్ కోణాన్నీ సరిచేసే పూర్తి కిట్టు ఉండాలి. సగం కిట్టు కొనడం కంటే బండిని కంపెనీ ఎత్తులో ఉంచుకోవడమే మంచిది.

పై ఆర్మ్ సంగతి కూడా చెప్పాలి. ముందు చక్రం తిరిగే ఇరుసు గీతను పక్క నుంచి చూస్తే పై కొస కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. దీన్ని క్యాస్టర్ అంటారు. చాలా పికప్‌లలో ఇది రెండు నుంచి నాలుగు డిగ్రీల మధ్య ఉంటుంది. మలుపు తిరిగాక హ్యాండిల్ వదిలితే అది తనంతట తాను మధ్యకు వచ్చేది దీనివల్లే. ఇలాంటి బండిని లేపితే క్యాస్టర్ తగ్గుతుంది. అప్పుడు రహదారి మీద, ఎనభైలో పోతున్నప్పుడు, బండి నిలకడగా ఉండదు. చేతులతో ఎప్పుడూ సరిచేస్తూనే ఉండాలి. అలైన్‌మెంట్ షాపులో ఉన్న సర్దుబాటు అంతా వాడినా పోయిన క్యాస్టర్ తిరిగి రాకపోవచ్చు. అప్పుడు మరో కోణంలో చేసిన పై ఆర్మ్ వేయాలి. ఎత్తు పెంచిన బండికి టై రాడ్ల కన్నా ముందు కొనాల్సిన వస్తువు చాలాసార్లు ఇదే.

ఇక టైర్ల దగ్గరికి వద్దాం. 245/70 ఆర్ 16 టైరు నిలువు కొలత దాదాపు 749 మిల్లీమీటర్లు. దాని చోట 265/75 ఆర్ 16 వేస్తే దాదాపు 804. టైరు వల్ల బండి లేచేది సుమారు 27 మిల్లీమీటర్లే. మీటరు మాత్రం తప్పు చూపిస్తుంది. ముల్లు ఎనభై దగ్గరుంటే బండి నిజంగా పోయేది దాదాపు ఎనభై ఆరు. ఇక బరువు. గళ్ల టైరు ఒక్కోటి చాలా కిలోలు ఎక్కువ తూగుతుంది, ఆ బరువు ఊపు టై రాడ్ల మీద కూడా పడుతుంది.

టైరు కన్నా దెబ్బ తీసేది డిస్కు. అందం కోసం బయటికి పొడుచుకొచ్చే డిస్కులు వేయించుకుంటారు. చక్రం తిరిగే గీత నేలను తాకే చోటుకూ, టైరు నడిమికీ మధ్య దూరం ఉంటుంది చూడండి, అది రెండు సెంటీమీటర్ల నుంచి ఐదుకు పెరిగితే, ఒక చక్రం రాయిని గుద్దినప్పుడు హ్యాండిల్‌కూ ర్యాక్‌కూ వచ్చే తన్ను రెండున్నర రెట్లవుతుంది. రాళ్ల దారిలో బొటనవేలు హ్యాండిల్ రింగు లోపల పెట్టి నడిపేవాళ్లకు ఈ సంగతి వేలు నొప్పితో తెలుస్తుంది. దయచేసి బొటనవేళ్లు రింగు పైనే పెట్టండి.

ఇక్కడే అందరూ అడిగే ప్రశ్న వస్తుంది. "మరి మందమైన, ఫోర్జింగ్ చేసిన టై రాడ్లు వేసేస్తే సరిపోదా?" సరిపోదు, కొన్నిసార్లు నష్టం కూడా. కంపెనీ ఇచ్చిన టై రాడ్డు ర్యాక్ కంటే బలహీనంగా ఉండటంలో ఒక మేలుంది. చక్రం బండరాయికి గట్టిగా తగిలితే ముందు వంగేది రాడ్డు. రాడ్డు చవక, జాకీ ఎత్తి రెండు పానాలతో గుట్ట మీదే మార్చుకోవచ్చు. రాడ్డును అసలు వంగనంత బలంగా చేస్తే ఆ దెబ్బ ర్యాక్ పళ్ల మీదికీ, ర్యాక్‌ను ఫ్రేముకు బిగించిన రబ్బరు బుష్‌ల మీదికీ పోతుంది. ర్యాక్ విరిగితే బండిని ట్రైలర్ మీదే ఊరికి తేవాలి. అందుకని నా సలహా ఇది. రాళ్లెక్కే బండికి కంపెనీ నాణ్యత గల ఎండ్లు, లోపలి రాడ్లు ఒక జత అదనంగా వెంట ఉంచుకోండి. ర్యాక్ బుష్‌లు మెత్తబడితే మార్చండి. మందమైన రాడ్లు వేయక తప్పదనుకుంటే, ర్యాక్ పట్టు కూడా అంతే బలపడ్డ తర్వాతే వేయండి. రాయికి చక్రం ఆనుకుని ఉండగా హ్యాండిల్‌ను చివరి దాకా తిప్పి అదిమి పట్టుకోవద్దు. పంపు పూర్తి ఒత్తిడిలో పనిచేస్తూ నూనెను కాల్చేస్తుంది, సీళ్లు పోతాయి.

ఇప్పుడు రెండో రకం బండ్లు. సైన్యం దశాబ్దాల పాటు వాడిన జిప్సీ, పాత మహీంద్రా జీపులు, ఇప్పటి జిమ్నీ. వీటికి ముందు వైపు కూడా గట్టి యాక్సిల్, స్టీరింగు బాక్సు. బాక్సు నుంచి పిట్‌మన్ ఆర్మ్, దాని నుంచి ఒక డ్రాగ్ లింకు, రెండు చక్రాలను కలుపుతూ ఒక పొడుగు టై రాడ్డు. బండిని లేపితే ఇక్కడ ముఖ్యంగా వాలేది డ్రాగ్ లింకు. దాన్ని సరిచేయడానికి కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ వేస్తారు, సరే. కానీ జిమ్నీలాంటి కాయిల్ స్ప్రింగు బండికి యాక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టే ప్యాన్‌హార్డ్ రాడ్డు కూడా ఉంటుంది. డ్రాగ్ లింకూ ప్యాన్‌హార్డ్ రాడ్డూ ఒకే వాలులో ఉండాలి. ఒకదాన్నే దించి రెండోదాన్ని మరిస్తే బంప్ స్టీర్ పెరుగుతుంది. ఈ తప్పు చేసిన బండ్లు నేను చాలా చూశాను.

కమాన్ పట్టీల బండికి యాక్సిల్‌కూ పట్టీలకూ మధ్య ఒక వాలు చెక్కను, అంటే లోహపు వెడ్జిని, పెట్టి క్యాస్టర్ తిరిగి తెప్పిస్తారు. ఇది మంచి పద్ధతే. అయితే అలా తిప్పినప్పుడు ముందు డిఫరెన్షియల్ మూతి కిందికి పోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు కోణం పెరుగుతుంది. ఫోర్ వీల్ వేసి పోతున్నప్పుడు కింద నుంచి గర్‌ర్ మని చప్పుడొస్తే అటే చూడాలి. ఒకటి సరిచేస్తే ఇంకోటి కదులుతుంది. అందుకే కాస్త కాస్త, కొలిచి కొలిచి చేయాలి.

ఈ రకం బండ్లలోనే ఒక్కోసారి, యాభై అరవైలో పోతూ చిన్న గుంత తగలగానే, ముందు చక్రాలు రెండూ గడగడలాడిపోతాయి, హ్యాండిల్ చేతిలో నిలవదు. దీనికి చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ వేయించుకుంటారు. డ్యాంపర్ ఊపును కొంత ఆపుతుంది, కారణాన్ని తీసేయదు. కారణం అరిగిన ఎండ్లో, కింగ్‌పిన్ బేరింగులో, ప్యాన్‌హార్డ్ బోల్టు రంధ్రం వెడల్పవడంలోనో ఉంటుంది. డ్యాంపర్ వేశాక ఆ అరుగుదల వినిపించకుండా పోతుంది, అరుగుతూనే ఉంటుంది. అందుకని డ్యాంపర్ తీసేసి పరీక్ష చేయాలి, అన్నీ బాగున్నాక కావాలంటే మళ్లీ బిగించుకోవాలి.

మన ప్రాంతంలో నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. నేను టూల్‌రూములో పనిచేసినవాణ్ణి. ఇక్కడ భానూర్‌లో క్షిపణులు తయారు చేసే భారత్ డైనమిక్స్ యూనిట్ ఉంది. ఎద్దుమైలారంలో సారథ్ అనే సాయుధ వాహనాలు తయారయ్యే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది.  పాశమైలారం, పటాన్‌చెరు నిండా లేత్ షెడ్డులు, మిల్లింగ్ మిషన్లు. కొలత అంటే ఏమిటో తెలిసిన చేతులు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. అదే చేయి సాయంత్రం ఇంటి ముందు బండి కింద దూరినప్పుడు ఎందుకు కొలత మానేస్తుంది? డ్రాగ్ లింకును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచడం, పొట్టిగా ఉన్న రాడ్డును మధ్యలో కోసి పైపు తొడిగి వెల్డింగ్ చేయడం, ఇవి నేను ఒప్పుకోను. స్టీరింగ్ విడిభాగాలు ఫోర్జింగ్ చేసి, వేడిచికిత్స చేసి తయారు చేస్తారు. మంట తగిలితే ఆ బలం పోతుంది. వెల్డింగ్ పక్కన లోహం పెళుసవుతుంది. పైన రంగేస్తే కనపడదు. ఇనుము ఎన్ని వేల కుదుపులు ఓర్చుకుందో మనకు తెలియదు, ఏదో ఒక కుదుపుకు చెప్పకుండా విరుగుతుంది.

ఇంకో పని జరుగుతుంటుంది. టై రాడ్డును, చక్రాన్ని తిప్పే నకిల్ ఆర్మ్ కింద నుంచి తీసి పైన బిగిస్తారు, కోణం బాగుపడుతుందని. ఆలోచన మంచిదే. కానీ ఎండు కాడ టేపరు, అంటే కొస సన్నగా ఉండే శంకువు ఆకారం. ఆర్మ్‌లో రంధ్రం కింది నుంచి వెడల్పు. దాన్ని తిప్పి పైన పెడితే కాడ కూర్చోదు. కొందరు డ్రిల్లుతో తిన్నగా రంధ్రం పెద్దది చేసి నట్టుతో బిగించేస్తారు. అప్పుడు కాడ రంధ్రం గోడకు ఆనక నట్టు మీదే వేలాడుతుంది. ప్రతి తిప్పుకూ అది వంగుతుంది, ఒకనాడు తెగుతుంది. సరైన పద్ధతి ఒకటే. ఆ టేపరుకు సరిపోయే రీమరుతో రంధ్రం చేయాలి, లేదా సరైన టేపరున్న ఉక్కు బుష్ దించాలి. తర్వాత కాడకు ప్రష్యన్ బ్లూ పల్చగా పూసి రంధ్రంలో కూర్చోబెట్టి తీయండి. నీలం రంధ్రం గోడ చుట్టూ, నిలువునా, సమంగా అంటితే సరే. ఒక అంచునే అంటితే పని మళ్లీ మొదటి నుంచి. టూల్‌రూము మనుషులందరికీ ఇది రోజూ చేసే పనే, ఇంటి బండికీ చేయమంటున్నాను.

కాడ మీద కూర్చునే నట్టు మామూలు నట్టు కాదు, పైన గాళ్లు కోసిన క్యాసిల్ నట్టు. కాడకు ఒక రంధ్రం, అందులో స్ప్లిట్ పిన్. నట్టును కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించాలి. రంధ్రం గాడికి ఎదురు రాకపోతే ఇంకాస్త బిగించాలి గానీ, వెనక్కి వదులు చేయకూడదు. తీసిన పాత పిన్నును మళ్లీ వాడకండి. టై రాడ్డు పొడవు పెంచేటప్పుడు మర లోపల ఎంత మిగిలిందో చూడండి. నేను పాటించే లెక్క, రాడ్డు మందానికి ఒకటిన్నర రెట్లకు తక్కువ కాకుండా మర లోపల ఉండాలి. లాక్ నట్టు బిగించిన చోట రంగుతో ఒక గీత గీయండి. అది జరిగితే గీత పక్కకు పోతుంది, చూడగానే తెలుస్తుంది.

పరీక్షకు ఇద్దరు చాలు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి నాలుగు చక్రాలూ నేల మీద నిలిపి, ఒకరు సీట్లో కూర్చుని హ్యాండిల్‌ను ఇటూ అటూ, బెత్తెడు మేర, చిన్నగా ఆడించాలి. మరొకరు పక్కన పడుకుని, బండి కిందికి పూర్తిగా దూరకుండా, ఒక్కో ఎండు మీద వేళ్లు ఉంచాలి. రాడ్డు కదిలాక నకిల్ ఆర్మ్ కదలడానికి మధ్య చిన్న టక్కుమనే అనుభూతి వేళ్లకు తగిలితే ఆ ఎండు పోయినట్టే. కళ్లకు కనపడనిది వేళ్లకు తెలుస్తుంది. తర్వాత రబ్బరు బూట్లు చూడండి. మన నల్లరేగడి తడిసినప్పుడు బూటు చిరుగులోంచి లోపలికి పోయి గ్రీజుతో కలుస్తుంది. ఎండాక అది సానరాయిలా బంతిని అరగదీస్తుంది. చిరిగిన బూటు చవకదే కదా అని వదిలేస్తే ఎండంతా కొనాల్సి వస్తుంది.

చట్టం కూడా ఇదే చెప్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం హ్యాండిల్‌లో ఖాళీ తిరుగుడు 30 డిగ్రీలు మించకూడదు. స్టీరింగ్ బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులు, పిన్నులు గట్టిగా లాక్ అయి ఉండాలి. నా మాటకొస్తే 30 డిగ్రీలు చాలా ఎక్కువ. ఎత్తు పెంచిన బండిలో అంత ఖాళీ కనిపిస్తే ఆ రోజే షెడ్డుకు తీసుకెళ్లండి.

ఎత్తు పెంచడం గురించే చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఉంటుంది. కాబట్టి పని బండి, రోజూ రహదారి మీద తిరిగే బండి అయితే ఎత్తు జోలికి పోకుండా, కంపెనీ కొలతల విడిభాగాలతో స్టీరింగును కొత్తదిగా చేయించుకోవడమే నేను చెప్పేది. ఆ పని మార్పు కింద రాదు, మరమ్మతు అవుతుంది.

చివరిగా టో కొలత. పని అంతా అయ్యాక అలైన్‌మెంట్ షాపుకు పోయే లోపు ఇంట్లోనే చూసుకోవచ్చు. సమతలంగా ఉన్న చోట బండిని కొన్ని అడుగులు ముందుకు తోసి ఆపండి, వెనక్కి తోయవద్దు. రెండు ముందు టైర్ల నడి మీద సుద్దతో గీత గీయండి. హబ్ ఎత్తులో, టైర్ల ముందు వైపు గీతల మధ్య దూరం కొలవండి. బండిని ముందుకు తోసి అవే గీతలు వెనక వైపుకు వచ్చాక మళ్లీ కొలవండి. ఆ తేడాయే టో. మీ బండి పుస్తకంలో ఎంత చెప్పారో దానికి మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చిందనుకోండి, 750 మిల్లీమీటర్ల టైరు మీద అది చిన్నదిగా కనిపిస్తుంది. కానీ లెక్క వేస్తే ప్రతి కిలోమీటరుకు ఒక్కో ముందు టైరు దాదాపు రెండు మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు. కొత్త టైర్ల అంచులు కొన్ని వేల కిలోమీటర్లకే కోసుకుపోవడం ఇందుకే. బండి లేపిన రోజు ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక ఇంకోసారి అలైన్‌మెంట్ చేయించండి. షాపువాళ్లిచ్చే కాగితంలో క్యాస్టర్, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో మూడూ ఉన్నాయో లేదో చూసి, ఆ కాగితాన్ని బండి పుస్తకంలో దాచుకోండి.